కీ.శే. దెయ్యంగారి టైటిల్ కార్డు

దెయ్యాన్ని మరణ ధ్రువీకరణ పత్రం తెమ్మన్న ఆఫీసు ఏదయ్యా అంటే మాది. తెమ్మన్నవాణ్ణి నేను. ఈ మాట చెప్పగానే జనం పగలబడి నవ్వుతారు. నవ్వేవాళ్ళలో ఒక్కరైనా జీవో నంబరెంత అని అడగరు. అదీ నా బాధ.

మాది చలనచిత్ర వారసత్వ పరిరక్షణ సంస్థ. పాత సినిమా రీళ్ళు తుడిచి, అతికించి, గీతలు పోగొట్టి, మళ్ళీ జనానికి చూపించడం మా పని. ఆ పని చేసేది లోపల చల్లటి గదిలో కూర్చునే నలుగురు టెక్నీషియన్లు. వాళ్ళు సరిగ్గా చేస్తున్నారో లేదో కాగితాల మీద చూసేది మేం డెబ్బై ఆరుగురం. అందులో సెక్షన్ సూపరింటెండెంటుని నేను, గుమ్మలూరి పేర్రాజు.

ఈ ఏడాది మా సంచాలకులు ఉపేంద్రనాథ్‌గారికి ఒక ఉత్సాహం పుట్టింది. పెనుమర్తి ఫణీంద్ర మొదటి సినిమాని బాగుచేసి విడుదల చెయ్యాలన్నారు. ఫణీంద్రని ఎరగనివారెవరు? కోటలు కూలకుండా, ఏనుగులు ఎగరకుండా ఆయన సినిమా పూర్తికాదు. అంతటి మనిషి ముప్ఫై అయిదేళ్ళ కిందట ధవళేశ్వరంలో ఒక పాత మేడ, అయిదుగురు నటులు, ఒక్క కెమెరా పెట్టుకుని పంతొమ్మిది రోజుల్లో చుట్టేసిన బొమ్మ 'మేడ మీద పిన్నిగారు'. కింది వాటాలో అద్దెకి దిగిన కుటుంబాన్ని పై వాటాలో దెయ్యం పీడిస్తూ ఉంటుంది. పీడించడమంటే పీక నులమడం కాదు. చారులో ఇంగువ తక్కువైతే మెట్ల మీద నించుని నవ్వుతుంది. పిల్లాడు ఎక్కం తప్పు చెప్తే నవ్వుతుంది. అల్లుడు అత్తవారింటి మీద వంకలు పెడితే మరీ నవ్వుతుంది. ఆ నవ్వుకి హాల్లో జనం ముందు ఝడుసుకునేవారు, తర్వాత కడుపు పట్టుకునేవారు. ఇవాళ్టికీ అది జనం సెల్‌ఫోన్లలో మోగుతోంది. మా ఆవిడైతే నా నంబరుకి ప్రత్యేకంగా ఆ నవ్వే పెట్టుకుంది.

ఇంత నవ్వు నవ్విన మనిషెవరో మాత్రం లోకానికి తెలీదు. మొహం నిండా బియ్యప్పిండి, దాని మీద మూడు సవరాలు కలిపి వేలాడేసిన జుట్టు. టైటిల్ కార్డులో 'దెయ్యంగా:' అని వేసి, పక్కన ఇంత లావు ప్రశ్నార్థకం పెట్టారు. జనం ఉత్కంఠతో ఊగిపోవాలని అప్పట్లో అదొక సరదా. ఊగినవాళ్ళు ఊగారు. తర్వాత ఆ ప్రశ్నకి జవాబు చెప్పాలన్న సంగతి అందరూ మరిచిపోయారు.

సరే, ఇందులో మా జీవో గొడవ ఎక్కడొచ్చిందంటారా? పోయినేడు మేం బాగుచేసిన ఒక సినిమా చూసి ఒక పెద్దమనిషి అందులో డాక్టరు వేషం వేసినాయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి మోకాలు చూపించుకున్నాడు. ఆయన పాపం మొహమాటపడి ఏదో నూనె రాయమన్నాడు. మోకాలు వాచింది, పేపర్లో పడింది. దాంతో పైనుంచి ఉత్తర్వు దిగింది. ఇకమీదట ఏ పాత్రధారి పేరైనా తెర మీద వెయ్యాలంటే, ఆ పాత్రకి తగిన అర్హత అతనికి ఉన్నట్టు పత్రం జతచెయ్యాలి. ఏడో నంబరు ఫారం. మూడు గళ్ళు: పాత్ర, పేరు, అర్హతా పత్రం.

"సత్యనిష్ఠే సంస్కృతికి పునాది, పేర్రాజుగారూ!" అన్నారు సంచాలకులు, ఉత్తర్వుని కళ్ళకద్దుకుని. "పాత్రానురూప ప్రామాణికత విషయంలో మన సంస్థ యావద్దేశానికీ దిశానిర్దేశం చేయబోతోంది."

నేనూ కళ్ళకద్దుకున్నాను. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో కళ్ళకద్దుకోని కాగితం లేదు.

'పిన్నిగారు' సినిమా ఫైలు బ్రహ్మాండంగా కదిలింది. కండక్టరు వేషం వేసిన హీరో డెబ్బయ్యో ఏట కండక్టరు లైసెన్సుకి పరీక్ష రాసి పాసయ్యాడు. అమ్మమ్మ వేషం వేసినావిడ మనవల ఆధార్ కార్డులు తెచ్చి బల్ల మీద పరిచింది. దొంగ వేషం వేసిన హాస్యనటుడికి మాత్రం తల ప్రాణం తోకకొచ్చింది. పోలీసు స్టేషనుకి వెళ్ళి తన మీద ఒక్క దొంగతనం కేసు రాయమని బతిమాలాడట. పోలీసులు మంచివాడిలా ఉన్నావు పొమ్మన్నారట. మూడోరోజు ఆయన ఇన్‌స్పెక్టరుగారి టోపీ ఎత్తుకుపోయి, కేసు పెట్టించుకుని, ఎఫ్.ఐ.ఆర్. నకలుతో మా ఆఫీసులో అడుగుపెట్టాడు. నిబంధన మీద అంత గౌరవమున్న పౌరుణ్ణి నేను మళ్ళీ చూడలేదు.

మిగిలింది దెయ్యం ఒక్కటే.

పేరు గడిలో ప్రశ్నార్థకం ఉంది కనక, రికార్డులో ఉన్నది ఉన్నట్టుగా 'శ్రీ/శ్రీమతి ? గారికి, పై వాటా, పాత మేడ, ధవళేశ్వరం' అని ఉత్తరం రాశాం. వారం తిరక్కుండా వెనక్కొచ్చింది. కవరు మీద పోస్ట్‌మన్ రాత: "కింది వాటా ఖాళీ. పై వాటాకి వెళ్ళమని నన్ను ఒత్తిడి చేయవద్దని మనవి."

తర్వాత పేపర్లో ప్రకటన వేశాం. 'పై చిత్రమందలి దెయ్యం ఎక్కడ ఉన్ననూ పదిహేను దినములలోగా సంస్థ కార్యాలయమున హాజరు కావలెను. లేనిచో పాత్ర ఖాళీగా ఉన్నట్లు పరిగణించబడును.' పద్నాలుగు రోజుల్లో పదకొండుమంది వచ్చారు. అందులో ఇద్దరు మా ఆఫీసు వాళ్ళే. అందరి చేతా నవ్వించాను. ఒక్కరికీ ఇంగువ తక్కువైన కోపం లేదు.

పదిహేనోరోజు మధ్యాహ్నం, భోజనాల వేళ, ఒక పెద్దావిడ వచ్చింది. చేతిలో గుడ్డ సంచి. నుదుట రూపాయంత బొట్టు. నా బల్ల ముందు నిలబడి నన్ను ఎగాదిగా చూసింది.

"ఏవండీ, సినిమాలో పేర్లేసే ఆఫీసు ఇదేనాండీ?"

"పేర్లు వేసే ఆఫీసు కాదమ్మా. వెయ్యవచ్చునో లేదో పరిశీలించే ఆఫీసు."

"అదేలెండి. నా పేరు అడబాల తాయారమ్మండి. ధవళేశ్వరం. నలభయ్యేళ్ళు నాటకాలేశానండి. సినిమా అంటే ఇదొక్కటే. ఆ దెయ్యాన్ని నేనేనండి బాబూ."

"రుజువు?"

ఆవిడ సంచి కింద పెట్టింది. కొంగు బిగించింది. నా కారేజీలోకి తొంగిచూసి, పప్పు వంక ఒక్క క్షణం చూసి, నవ్వింది.

అబ్బ! ఏం నవ్వండీ అది! పక్క సెక్షనులో టైపు ఆగిపోయింది. అటెండరు మంచినీళ్ళ గ్లాసు వదిలేసి మెట్ల మీంచి దిగిపోయాడు. నాకు మా ఆవిడ ఫోను గుర్తొచ్చి అసంకల్పితంగా "హలో" అన్నాను. పప్పులో ఉప్పు లేదన్న సంగతి కూడా అప్పుడే తెలిసింది.

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. "నేనే దెయ్యాన్నంటే మా వీధిలో ఎవళ్ళూ నమ్మరండి. ముప్ఫై అయిదేళ్ళబట్టి చెప్తానే ఉన్నాను. ఉత్తరాలిచ్చే అప్పన్న లేడూ, కనపడినప్పుడల్లా 'ఏమ్మా దెయ్యం, నీకు ఉత్తరాలేం లేవు' అని ఎకసెక్కాలు. మా ఆయన పోయేముందు కూడా అడిగేడండి, నిజం చెప్పవే, అది నువ్వేనా అని. కట్టుకున్నవాడికే నమ్మకం లేదు. ఆ గీత తీసేసి నా పేరెయ్యండి చాలు. నాకింకేం వద్దు."

"గీత కాదమ్మా, ప్రశ్నార్థకం."

"ఏదైతే ఏముందండీ, నా పేరు కాదు కదా?"

నేను నిబంధనలు తెలిసినవాణ్ణి కనక చలించలేదు. కొంచెం చలించాను, కానీ ఫైల్లో రాయలేదు. ఆవిణ్ణి మా న్యాయ సలహాదారు దీక్షితులుగారి దగ్గరికి తీసుకెళ్ళాను.

దీక్షితులుగారు కళ్ళజోడు తుడుచుకుని ఏడో ఫారం చదివారు. "నవ్వు బాగుంది. కానీ నవ్వు దస్తావేజు కాదు. ప్రస్తుత వ్యాజ్యంలో ప్రధానాంశం వేరు. దెయ్యం అనగా మరణానంతర దశలో ఉన్న వ్యక్తి. అవునా? కావున ఈ పాత్రకు మూలభూతమైన అర్హత మరణం. దరఖాస్తుదారు ఆ అర్హతను సంపాదించుకున్నట్లు నాకు కనబడటం లేదు."

"అంటే ఏంటండీ?" అంది తాయారమ్మ నా వైపు తిరిగి.

"మరణ ధ్రువీకరణ పత్రం కావాలమ్మా," అన్నాను నేను. అన్నది నేనే.

ఆవిడ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. సంచి తీసుకుని, "ఇది ముందే పేపర్లో ఏసుంటే బస్సు మీద ఇంత దూరం వచ్చేదాన్ని కాదు కదండీ. ఉత్తినే తిప్పుతారు," అని వెళ్ళిపోయింది.

మర్నాడు ఫణీంద్రగారు స్వయంగా దిగారు. నల్ల కళ్ళజోడు, వెనక ఇద్దరు మనుషులు. సంచాలకులు శాలువా వెతికేలోపే ఆయన బల్ల మీద చరిచారు.

"ఏంటండీ ఈ గోల? దెయ్యం తాయారమ్మే. ఆ నవ్వు నేను రికార్డు చేశాను. ఆ ప్రశ్నార్థకం పెట్టింది కూడా నేనే. ఆవిడ అప్పుడే అడిగింది, పేరెయ్యి బాబూ అని. తర్వాతి సినిమాలో నీ ఒక్కదానికే కార్డు వేస్తాను పిన్నీ అన్నాను." ఆయన గొంతు తగ్గించారు. "ఇరవై రెండు సినిమాలు తీశాను. నిన్న ఫోన్ చేసి, 'ఫణీ, నాకు చావు కాయితం ఎలా ఇప్పిస్తావురా' అంటోంది. సిగ్గుతో చచ్చాననుకోండి."

దీక్షితులుగారు వెంటనే తలెత్తారు. "మీరు చచ్చినందువల్ల ప్రయోజనం లేదు. ఆవిడ..."

"చాల్లే, ఊరుకోండి!" అని ఫణీంద్ర కేకేశారు. "ఆ సినిమా తీసినవాణ్ణి నేను చెప్తున్నా కదా?"

"తమరు ఆసక్తి గల పక్షం. తమ సాక్ష్యం చెల్లదు," అన్నారు సంచాలకులు, శాలువా కప్పుతూ. "అయినా తమ తొలి చిత్రరాజాన్ని జాతికి అంకితం చేసే మహత్తర ఘట్టంలో ఒక దెయ్యం గురించి తమంతటివారు ఉద్వేగపడటం..."

ఫణీంద్ర శాలువాతోనే బయటికి నడిచారు.

సరిగ్గా తొమ్మిది రోజుల తర్వాత తాయారమ్మ మళ్ళీ వచ్చింది. సంచిలోంచి ప్లాస్టిక్ కవరు, కవర్లోంచి కాగితం తీసి నా ముందు పెట్టింది. మరణ ధ్రువీకరణ పత్రం. పేరు, ఊరు, తేదీ, గుండ్రటి సీలు. నికార్సయినది. సీలుని గోటితో గీకి చూశాను.

"ఎలా ఇచ్చారమ్మా?"

"ఏముందండీ. పింఛనుకి బతికున్నానని కాయితం కోసం మూడేళ్ళు తిరిగితే ఏలిముద్ర పడలేదు, కళ్ళు పడలేదు అని తిప్పేరు. పోయానని చెప్తే మూడు రోజుల్లో ఇచ్చేరు. 'పోయినావిడకి నువ్వేమవుతావమ్మా' అని అడిగాడండి గుమస్తా. బాగా దగ్గరిదాన్నన్నాను. సంతకం పెట్టమన్నాడు. పెట్టేను."

"మరి... రేషను కార్డులోంచి పేరు తీసేస్తారు కదమ్మా?"

"తీసేసేరు అప్పుడే. ఫణి బియ్యం పంపుతానన్నాడులెండి. పంపితే పంపుతాడు, లేకపోతే లేదు. ఎనభయ్యేళ్ళ దాన్ని, ఎంత తింటానండీ?" అని నవ్వింది. అసలు నవ్వు కాదు, మామూలు నవ్వు. నాకు మాత్రం ఆ మామూలు నవ్వుకే గుండె ఝల్లుమంది.

కాగితం పట్టుకుని దీక్షితులుగారి గదికి పరిగెత్తాను. ఆయన సీలుని భూతద్దంలో చూశారు. "సక్రమంగా ఉంది. అర్హత సంపూర్ణం. అయితే పేర్రాజుగారూ, దరఖాస్తు మీద సంతకం ఎవరిది?"

"ఆవిడదే."

"గతించిన వ్యక్తి సంతకం ఎలా చేయగలదు? దరఖాస్తు చట్టబద్ధ వారసుల ద్వారా రావాలి."

ఒళ్ళు మండింది. నిజం చెప్తున్నాను, ముప్ఫై ఏళ్ళ సర్వీసులో మొదటిసారి నిబంధన మీద నాకు ఒళ్ళు మండింది. బయట బెంచీ మీద చనిపోయిన మనిషి కూర్చుని మజ్జిగ తాగుతోంది. ఆవిడకి పిల్లల్లేరు. నేనే ఫణీంద్రగారికి ఫోన్ చేశాను. గంటలో వచ్చి, నించునే ఫారం నింపారు. 'మృతురాలితో సంబంధం' అన్న గడి దగ్గర ఒక్క నిమిషం ఆగారు. తర్వాత 'పిన్ని' అని రాశారు.

"ఆధారం?" అన్నారు దీక్షితులుగారు.

నేను సినిమా పోస్టరు తెచ్చి బల్ల మీద పరిచాను. "శీర్షిక చూడండి. 'మేడ మీద పిన్నిగారు'. తీసినవారు ఫణీంద్రగారు. ఆయన పిన్ని కాకపోతే పిన్నిగారని ఎందుకంటారు?"

దీక్షితులుగారు పోస్టరు మీద భూతద్దం తిప్పి, "శీర్షికే సాక్ష్యం. అంగీకరించవచ్చు," అని సంతకం పెట్టారు. ఆయన ముఖంలో అంత తృప్తి నేనెప్పుడూ చూడలేదు.

విడుదల రోజు బెజవాడలో ఉదయం పదకొండింటికి ప్రత్యేక ప్రదర్శన. హాలు నిండా పెద్దలు. గుమ్మం దగ్గర గార్డు తాయారమ్మని ఆపేశాడు. జాబితాలో ఆవిడ పేరు ఉంది. పేరుకి ముందు కీ.శే. అనీ ఉంది. "కీర్తిశేషులకి పాసులు ఇవ్వలేదు సార్, ఫోటోలు లోపల పెట్టారు," అన్నాడు. మా ఆవిడ జలుబని రాలేదు. ఆవిడ పాసు తాయారమ్మ చేతిలో పెట్టి, నా పక్కనే, ఆఖరి వరసలో కూర్చోబెట్టాను. సర్వీసులో నేను చేసిన మొదటి తప్పు అది.

వేదిక మీద ఫోటోకి దండ వేసి ఉంది. ఫోటో ఎక్కడా దొరక్క సినిమాలో బొమ్మే పెద్దది చేయించారు. బియ్యప్పిండి, మూడు సవరాలు, దాని మీద గులాబీల దండ, ముందు దీపం. ఫణీంద్రగారు మొహం చేతుల్లో పెట్టుకుని కూర్చున్నారు. ఏడుస్తున్నారో నవ్వుతున్నారో తెలీలేదు.

సంచాలకులు మైకు అందుకున్నారు. "తన అట్టహాసంతో ఆంధ్రావనిని ఉర్రూతలూగించి, ఇటీవలే మనలను శోకసాగరంలో ముంచి దివికేగిన మహానటి శ్రీమతి తాయారమ్మగారి ఆత్మశాంతికై అందరూ లేచి ఒక్క నిమిషం మౌనం పాటించవలసిందిగా..."

అందరూ లేచారు. తాయారమ్మ కూడా మోకాళ్ళు పట్టుకుని లేచింది. "ఇటీవలేనట," అని గొణిగింది. "ఇన్నాళ్ళూ ఎవడికీ గుర్తు లేనుగానీ." పది సెకన్లు తల దించుకుంది. తర్వాత తలెత్తి ఆ ఫోటో చూసింది, దండ చూసింది, కళ్ళు మూసుకుని ధ్యానంలో ఉన్న సంచాలకుల్ని చూసింది.

ఇంక ఆపుకోలేకపోయింది. నవ్వేసింది.

ఆ మౌనంలో ఆ నవ్వు హాలంతా తిరిగింది. ముందు పరిగెత్తింది దీక్షితులుగారు. ఆయన వెనక సంచాలకులు, మైకు వైరు కాలికి చుట్టుకుని, మైకుతో సహా. పెద్దలు కుర్చీలు దాటారు. కీర్తిశేషుల్ని లోపలికి రానివ్వనన్న గార్డే తలుపు తీసి అందరికంటే ముందు రోడ్డు మీదున్నాడు. ఫణీంద్ర ఒక్కరే వేదిక మీద నిలబడి, రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొడుతూ ఏడ్చారు.

ఈ గలభా తెలియక పైన ఆపరేటరు సినిమా మొదలుపెట్టేశాడు. దాదాపు ఖాళీ హాల్లో టైటిళ్ళు పడ్డాయి. ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తెర నిండా ఒక్కటే కార్డు వచ్చింది.

దెయ్యంగా: కీ.శే. అడబాల తాయారమ్మ

ఆవిడ ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదువుకుంది. నాకు తల ఎత్తాలనిపించలేదు. "తప్పయిపోయిందమ్మా. ఆ కీ.శే. తీయించాలంటే మళ్ళీ ఏడో ఫారం... బతికున్నవాళ్ళు దెయ్యంగా..." అన్నాను.

"ఉండనీండి బాబూ," అంది. "ఆ రెండక్షరాలూ ఎప్పటికైనా నిజమయ్యేవేగా. గీత కంటే నయం." కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

నాలుగో రోజున నాకు మెమో వచ్చింది. 'సంతాప మౌనమునకు భంగము కలిగించిన వ్యక్తి ఆఖరి వరుసలో పద్నాలుగవ సీటు నుండి నవ్వినట్లు విచారణలో తేలినది. సదరు సీటు మీ భార్యకు కేటాయించబడినది. నవ్విన వ్యక్తి పేరు తెలుపవలెను.' ఆవిడ పేరు రాస్తే పత్రం అబద్ధమవుతుంది. పత్రం అబద్ధమైతే కార్డు పోతుంది. మా ఆవిడ పేరు రాస్తే నేను ఇంటికి పోలేను. పెన్ను తీసి, పేరు గడిలో, మా సంస్థ రికార్డుల్లో ఉన్న పేరే రాశాను.

?

దీక్షితులుగారు చూసి, "ఈ వ్యక్తి మనకు పూర్వపరిచితుడే. చిరునామా కూడా ఉంది," అని రాశారు. సంజాయిషీ నోటీసు 'శ్రీ/శ్రీమతి ? గారికి, పై వాటా, పాత మేడ, ధవళేశ్వరం' అని రిజిస్టరు పోస్టులో వెళ్ళింది. అప్పటికి సినిమా రాజమండ్రిలో రోజుకి నాలుగు ఆటలు ఆడుతోంది.

నిన్న ఆ కవరు వెనక్కొచ్చింది. పోస్ట్‌మన్ అప్పన్న ప్రశ్నార్థకాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి, పైన గుండ్రటి అక్షరాలతో 'శ్రీమతి అడబాల తాయారమ్మగారు' అని రాశాడు. కింద కారణం రాశాడు: "ఇంట్లో లేరు. వీధివాళ్ళందర్నీ వెంటేసుకుని ఉదయం ఆటకి వెళ్ళారు."

మా ఆఫీసు ఫైల్లో ఆవిడ పేరు సరిగ్గా ఉన్న కాగితం అదొక్కటే. దాన్ని అన్నిటికంటే పైన పెట్టి ఫైలు మూసేశాను.